సర్ రొనాల్డ్ రాస్: సికింద్రాబాద్‌లో దోమ గుట్టు విప్పిన వైద్యుడు, నివారణకై జీవితాంతం శ్రమించిన అధికారి

(ఆగస్టు 20 - ప్రపంచ దోమల దినం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

అమ్రాబాద్, ఆగస్టు 20: నల్లమల కొండలపై విస్తరించిన అమ్రాబాద్ పీఠభూమిలో వర్షాలు మొదలయ్యాయంటే వైద్య, ఆరోగ్య సిబ్బంది చలిజ్వరాలపై దృష్టి సారించవలసి ఉంటుంది. శ్రీశైలం రహదారిపై ఉన్న రెండు ఊళ్లను ప్రజలు తరతరాలుగా దోమలపెంట, ఈగలపెంట అనే పిలుస్తున్నారు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమై, 2016 నుండి నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో చెంచుల పెంటలకు వెళ్లే ఆరోగ్య కార్యకర్త జ్వరపీడితుని వేలికొసన సూది గుచ్చి ఒక రక్తపు చుక్క తీస్తారు. ఆ చుక్కలోని పరాన్నజీవి మనిషి నుండి మనిషికి ఏ మార్గాన చేరుతున్నదో తెలిపిన పరిశోధన ఇక్కడికి ఉత్తరంగా 150 కిలోమీటర్ల లోపు దూరంలోనే, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో, 1897 ఆగస్టు 20న ఫలించింది. ఆ పరిశోధన గావించిన సర్ రొనాల్డ్ రాస్ పేరు అందరికీ తెలిసినదే. అయితే ఆ తర్వాత ఆయన మూడు దశాబ్దాల పాటు వ్యాధి నివారణ కోసం ప్రభుత్వాలతో జరిపిన పోరాటం అంతగా ప్రచారంలోకి రాలేదు.

రాస్ 1857 మే 13న హిమాలయ పాదాలలోని అల్మోరాలో జన్మించారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే. తండ్రి భారత సైన్యంలో అధికారి. ఎనిమిదేళ్ల వయసులో చదువు నిమిత్తం ఇంగ్లండ్ చేరిన రాస్‌కు కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం, గణితం ఇష్టం. వైద్యం మాత్రం తండ్రి కోరిక. లండన్‌లో సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో అంతంతమాత్రపు శ్రద్ధతో చదువు ముగించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చారు.

బెంగుళూరులో పనిచేస్తున్న రోజుల్లో తన బంగళాలో దోమలు మితిమీరి ఉండటం గమనించిన ఆయన, కిటికీ పక్కన ఉన్న నీటి తొట్టిలో వాటి పిల్లలు పెరుగుతున్నట్లు కనుగొన్నారు. తొట్టిని బోర్లించగానే దోమల బెడద తగ్గిపోయింది. పటాలం భోజనశాల వద్ద కూడా అదే పని చేయిద్దామని సూచించగా పై అధికారి అంగీకరించలేదు. అప్పటికి దోమకు, మలేరియాకు సంబంధం ఉన్నదని రాస్‌కే తెలియదు. అయినా నిలిచిన నీటిని తొలగించడం, అందుకు అనుమతి లభించకపోవడం అనే ఈ రెండు అనుభవాలూ ఆయన జీవితంలో మళ్లీ మళ్లీ ఎదురయ్యాయి. 1889 నాటికి సెలవుపై ఇంగ్లండ్ వెళ్లి ప్రజారోగ్యంలో డిప్లొమా పొంది, సూక్ష్మజీవ శాస్త్రంలో శిక్షణ తీసుకున్నారు.

మలేరియా పరాన్నజీవిని 1880లోనే ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రక్తంలో చూశారు. రాస్ దానిని మొదట నమ్మలేదు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ సూక్ష్మదర్శిని కింద స్వయంగా చూపించిన తరువాత గాని ఆయన సందేహం తీరలేదు. పరాన్నజీవి దోమలోకి వెళ్తుందని మాన్సన్ ఊహించారు. అయితే దోమలు చచ్చిపడిన నీటిని తాగడం వల్ల మనుషులకు జ్వరం వస్తుందని భావించారు. అంటే ఊహలో సగం ఒప్పు, సగం తప్పు. ఆ సగం తప్పును విడదీయడానికి రాస్‌కు మూడేళ్లు పైగా పట్టింది.

1895లో 19వ మద్రాసు పదాతిదళ వైద్యాధికారిగా సికింద్రాబాద్ చేరి పరిశోధన ఆరంభించారు. కొద్ది నెలలకే కలరా, పారిశుద్ధ్య విధులపై బెంగుళూరుకు పంపించారు. తిరిగి 1897 జూన్‌లో సికింద్రాబాద్ రాగలిగారు. అప్పటివరకు ఆయన కోసిచూసిన దోమలన్నీ బూడిద రంగు, చారల రకాలు. మలేరియాను మోసుకువెళ్లే జాతి వాటిలో లేదు. అందువలన వందల దోమలను పరీక్షించినా ఫలితం శూన్యమైంది. ఆగస్టు మధ్యలో రెక్కలపై మచ్చలు గల మరొక రకం దోమలు లార్వా దశలో దొరికాయి. వాటిని పెంచి, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఆగస్టు 16న కుట్టనిచ్చారు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున ఆయనకు చెల్లించారు. శాస్త్ర చరిత్రలో ఇంత స్వల్ప వ్యయంతో ఇంత గొప్ప ఫలితం వచ్చిన సందర్భాలు అరుదు. పంకా ఊపితే కోసిన దోమ ఎగిరిపోతుంది గనుక గాలి లేని గదిలోనే పని చేశారు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న, మిగిలిన చివరి దోమలలో ఒకదాని జీర్ణకోశపు గోడలో నల్లని రంగు రేణువులు గల గుండ్రని కణాలు కనిపించాయి. ఆ రేణువులు మలేరియా పరాన్నజీవికి గుర్తు. మరునాడు ఇంకొక దోమలో అవే కణాలు మరింత పెరిగి కనిపించాయి. అదే ఏడాది డిసెంబరులో ఈ విషయం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైంది.

కణాలు దోమ శరీరంలో ఆ తరువాత ఎక్కడికి చేరతాయో చూడవలసిన సమయంలో బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. మలేరియా అంతగా లేని రాజపుతానాలోని ఖేర్వారాకు వెళ్లవలసి వచ్చింది. పరిశోధకుని పనికి, కార్యాలయపు క్రమానికి మధ్య పొందిక లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు. మాన్సన్ లండన్‌లో చేసిన ప్రయత్నాల ఫలితంగా 1898 ఫిబ్రవరిలో రాస్‌ను ప్రత్యేక విధులపై కలకత్తాకు నియమించారు.

అక్కడ వేరొక అవరోధం ఎదురైంది. ప్లేగు కాలం అది. వాల్డెమార్ హాఫ్‌కిన్ 1897 జనవరిలో బొంబాయిలో తయారుచేసిన ప్లేగు టీకాపై నగరమంతటా వదంతులు వ్యాపించాయి. సూది చేతబట్టిన వైద్యుని చూస్తేనే జనం పారిపోయేవారు. రక్తపు చుక్క ఇచ్చే మనిషి దొరకక రాస్ పక్షుల మలేరియావైపు మళ్లారు. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు ఈ పనిలో తోడుగా నిలిచారు. జూలైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులలోకి చేరుతున్నట్లు చూశారు. వ్యాధి సోకిన దోమలు కుట్టిన ఆరోగ్యవంతమైన పిచ్చుకలకు మలేరియా వచ్చింది. నీటి ద్వారా కాదు, కాటు ద్వారానే వ్యాధి వ్యాపిస్తుందని ఆ విధంగా రుజువైంది. మనుషులలో ఇదే క్రమాన్ని ఇటలీలో గ్రాస్సీ, ఆయన సహచరులు అదే ఏడాది పూర్తిగా నిరూపించారు. ఘనత ఎవరిదన్న వివాదం రాస్‌ను చివరివరకు వెంటాడింది. అందులో ఆయన వాడిన కటువైన భాష ఆయన కీర్తికి మేలు చేయలేదు.

1899లో ఉద్యోగ విరమణ చేసి లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. 1902లో నోబెల్ బహుమతి లభించింది. భారతదేశంలో జన్మించినవారిలో ఆ బహుమతి పొందిన మొదటి వ్యక్తి ఆయనే. 1911లో సర్ బిరుదు వచ్చింది. ఈ గౌరవాలతో సంతృప్తి పడి ఉంటే ఆయన కథ ఇక్కడితో ముగిసేది.

రాస్ దృష్టిలో సికింద్రాబాద్ ఆవిష్కరణ ఒక పనిముట్టు మాత్రమే. దానిని ప్రభుత్వాలు వాడుకోవాలి. సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో గుంటలు పూడ్చే, నిలిచిన నీటిని తొలగించే బృందాలను నడిపించారు. సూయజ్ కాలువ ఒడ్డున గల ఇస్మాయిలియాలో 1902లో ఆయన సలహాపై కాలువ కంపెనీ చేపట్టిన పనుల వలన కొద్ది ఏళ్లలోనే మలేరియా దాదాపు తొలగిపోయింది. ఇందుకు భిన్నంగా లాహోరు సమీపాన మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో ప్రభుత్వం జరిపించిన ప్రయోగం విఫలమైంది. దోమల నిర్మూలన అసాధ్యమని అధికారులు అక్కడితో తేల్చివేశారు. చిన్న ప్రాంతంలో, తక్కువ ఖర్చుతో, కొద్దికాలం చేసిన పనిని కొలమానంగా తీసుకోరాదని రాస్ వాదించారు.

ఆ వాదనకు ఆధారంగా తన పాత అభిరుచియైన గణితాన్ని ఆశ్రయించారు. 1907-08లో మారిషస్‌లో పర్యటించి సమర్పించిన నివేదికలోను, 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథంలోను ఆయన చెప్పినది ఇది: దోమలను ఒక్కటి మిగలకుండా చంపనవసరం లేదు. జనసంఖ్యతో పోల్చి దోమల సంఖ్య ఒక హద్దుకు దిగువకు చేరితే, కోలుకునే రోగులకన్న కొత్తగా వ్యాధి సోకేవారు తక్కువై, మలేరియా తనంతట తానే క్షీణిస్తుంది. నేడు అంటువ్యాధుల అంచనాలలోను, ఎంతమందికి టీకా వేస్తే వ్యాప్తి ఆగుతుందన్న లెక్కలలోను ఉపయోగించే గణితానికి మూలాలలో ఇది ఒకటి.

టీకాల విషయంలోనూ రాస్ పాత్ర చిన్నది కాదు. 1902 అక్టోబరు 30న పంజాబ్‌లోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి ప్లేగు టీకా వేయగా, ఒకే సీసా మందు తీసుకున్న 19 మంది ధనుర్వాతంతో మరణించారు. బొంబాయి ప్రయోగశాలలోనే మందు కలుషితమైనదని విచారణ సంఘం భావించింది. హాఫ్‌కిన్‌ను విధుల నుండి తప్పించారు. అయితే ఆ రోజు సీసా మూత తీసిన పటకారు నేలపై పడినదని, దానిని సరిగా శుద్ధి చేయకుండానే వాడారని రికార్డులలోనే ఉంది. రాస్ 1907లో పత్రికలలో లేఖలు ప్రచురించి, ఆధారాలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపి, ఇతర శాస్త్రజ్ఞులను కూడగట్టి హాఫ్‌కిన్ నిర్దోషి అని ప్రకటించవలసిందిగా కోరారు. కలకత్తాలో టీకా భయం వల్ల తానే ఇబ్బంది పడిన ఆయనకు, తప్పు ఎక్కడ జరిగినదో నిజాయితీగా చెప్పకపోతే ప్రజల నమ్మకం ఎంత దెబ్బతింటుందో అనుభవపూర్వకంగా తెలుసు. అదే ఏడాది హాఫ్‌కిన్‌పై నింద తొలగి, ఆయన తిరిగి భారతదేశంలో విధులలో చేరారు.

వృద్ధాప్యంలో రాస్‌కు ఆర్థిక ఇబ్బందులు తప్పలేదు. మశూచి టీకా కనుగొన్న ఎడ్వర్డ్ జెన్నర్‌కు బ్రిటిష్ పార్లమెంటు 1802లో 10,000 పౌండ్లు, 1807లో 20,000 పౌండ్లు మంజూరు చేసిన విషయం గుర్తుచేస్తూ తనకూ పారితోషికం ఇవ్వాలని కోరినా ప్రభుత్వం అంగీకరించలేదు. చివరికి తన పత్రాలనే అమ్ముకున్నారు. 1926లో లండన్‌లో ఆయన పేర పరిశోధన సంస్థ ఏర్పడింది. 1932 సెప్టెంబరు 16న ఆయన కన్నుమూశారు. బేగంపేటలో ఆయన పరిశోధన సాగించిన భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఆయన పేరనే ఉన్నది.

స్వాతంత్ర్యం నాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మలేరియా కేసులు, 8 లక్షల మరణాలు సంభవించేవని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలైన పిమ్మట 1965 నాటికి కేసులు లక్ష స్థాయికి తగ్గాయి. నిఘా సడలడం, మందులకు దోమలు లొంగకపోవడం వంటి కారణాలతో 1976లో అవి 64 లక్షలకు చేరాయి. హద్దుకు దిగువన ఉంచడానికి పని ఏటా సాగవలసిందేనన్న రాస్ హెచ్చరికకు ఆ అంకెలే సాక్ష్యం.

అమ్రాబాద్ వంటి అటవీ ప్రాంతంలో ఈ పని మరింత కష్టం. కొండవాగులను పూడ్చలేరు, వాటిపై నూనె చల్లలేరు. తేనె, అటవీ ఫలసాయం కోసం అడవిలోనే రాత్రులు గడిపేవారికి గుడిసెలో పిచికారీ చేసిన మందు రక్షణ ఇవ్వదు. అందువలన మందు పూసిన దోమతెరలు, పెంట వద్దనే చేసే రక్తపరీక్ష, పూర్తి మోతాదు చికిత్స ముఖ్యమవుతాయి.

రాస్ 1898లో దోమ లాలాజల గ్రంథులలో చూసిన పరాన్నజీవి రూపంపైనే నేటి మలేరియా టీకాలు పనిచేస్తాయి. ఆర్‌టీఎస్,ఎస్ టీకాను 2021లో, ఆర్21 టీకాను 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు సిఫారసు చేసింది. రెండవదానిని పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తున్నది. మొదటిదాని సాంకేతిక పరిజ్ఞానాన్ని హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కు బదిలీ చేసే ఒప్పందం 2021లో వెల్లడైంది. ఈ టీకాల వినియోగం ప్రధానంగా ఆఫ్రికా దేశాలలో సాగుతున్నది. భారత సార్వత్రిక టీకా కార్యక్రమంలో మలేరియా టీకా లేదు. నల్లమల పెంటలలో దోమతెర, రక్తపు చుక్క పరీక్ష, సకాలంలో మందు ఇవే నేటికీ ఆధారం.