గబ్బిలం కంటే ముందు ఒక స్నేహం

జహీరాబాద్ దగ్గరి ఝరాసంగంలో, కేతకీ సంగమేశ్వరుడి గుండంలోకి కాశీ నుంచి నీటిధార వస్తుందని భక్తుల నమ్మకం. కాశీ నీళ్లకు ఇంత దూరం దారి ఉందని నమ్మే సమాజమే, వెలివాడ మనిషికి గుడి గడప దాకా కూడా దారి ఇవ్వలేదు. ఆ దారి గురించి ఏకంగా కాశీ విశ్వనాథుడినే నిలదీసిన కవి గుర్రం జాషువా.

1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవ, తల్లి లింగమ్మ మాదిగ. కులాలు వేరైన దంపతుల బిడ్డగా చిన్నప్పటి నుంచే అవమానాలు పడ్డారు. బడిలో చేరాక అవి ఇంకా పెరిగాయి. అయినా ఆ పిల్లవాడు తలవంచలేదు, తిరగబడ్డాడు.

అలాంటి ఊళ్లోనే ఆయనకు ఒక స్నేహితుడు దొరికాడు. పేరు దీపాల పిచ్చయ్యశాస్త్రి. తర్వాతి కాలంలో ఆయనా కవిగా పేరు తెచ్చుకున్నారు. ఆ సాంగత్యంలోనే జాషువాకు కవిత్వం మీద ఆసక్తి పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు.

ఒక స్నేహితుడు, ఒక గురువు తలుపు తీసినంత మాత్రాన ఊరు మారలేదు. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులం వాణ్ని లోపలికి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. పురాణ కథలు రాస్తున్నారని క్రైస్తవ పెద్దలూ ఆక్షేపించారు. బతుకుతెరువు కోసం రాజమండ్రి వెళ్లి మూకీ సినిమాలకు వాచకుడయ్యారు. తెర మీద బొమ్మ ఆడుతుంటే కథను, మాటలను గొంతెత్తి చదవడం ఆ పని. తర్వాత గుంటూరులో ఉపాధ్యాయుడిగా పనిచేశారు.

1941లో గబ్బిలం వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘంతో భార్యకు కబురు పంపాడు. జాషువా కథానాయకుడైన మాదిగవాడు గబ్బిలంతో శివుడికి తన గోడు పంపుకున్నాడు. ఎందుకంటే మనిషికి లేని గుడి ప్రవేశం గబ్బిలానికి ఉంది. చిన్నప్పుడు నేర్చుకున్న మేఘసందేశాన్నే జాషువా కులం మీద ప్రశ్నగా తిప్పారు.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

ఇలాంటి స్నేహాలనూ సన్మానాలనూ చూపి, ఇంకా కులం ఎక్కడుందని అడిగేవాళ్లు క్యాంపస్‌లలోనూ బయటా ఉన్నారు. ఆ స్నేహం విలువ తక్కువేమీ కాదు, అది ఒక కవిని ఇచ్చింది. కానీ పద్యం పంచుకునే నేస్తం దొరికిన జాషువాకు కూడా, గుడిలోకి మాట పంపాలంటే గబ్బిలమే కావాల్సి వచ్చింది.