ముసవ్విర్ జంగ్ రాజా దీన్ దయాళ్

లలితకళలు ఐదని మన పెద్దలు లెక్కించారు. ఆ లెక్క కట్టేనాటికి ఛాయాచిత్రకళ పుట్టనేలేదు. పుట్టిన తరువాత కూడా అది కళ కాదనీ, యంత్రం చేసే పని మాత్రమేననీ వాదించినవారు అనేకులు. ఆ వాదానికి తన జీవితంతోనే సమాధానం చెప్పిన మహనీయుడు మన హైదరాబాదు ఆస్థానాన్ని అలంకరించిన రాజా దీన్ దయాళ్.

ఆయన 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో విద్యనభ్యసించి, 1866లో ఇండోర్‌లో ప్రభుత్వ నిర్మాణశాఖలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగంలో ప్రవేశించారు. కట్టడాల కొలతలనూ, పొందికనూ పరిశీలించి గీసే ఆ ఉద్యోగమే ఆయన దృష్టికి తొలి శిక్షణ అయింది. 1874లో కెమెరా చేపట్టారు. సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. అనంతరం సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట పర్యటించి, మధ్యభారతంలోని ప్రాచీన కట్టడాలను చిత్రించారు. ఆ చిత్రాలు 1886లో గ్రంథరూపంలో వెలువడ్డాయి.

ఆనాడు ఛాయాచిత్రం తీయడం మీట నొక్కినంత సులభం కాదు. గాజు పలకపై కొలోడియన్ అనే ద్రవాన్ని పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగవలసి ఉండేది. మన ఎండలకు ఆ పలక నిమిషాలలో ఆరిపోయేది. 1880 తరువాత పొడి పలకలు వ్యాప్తిలోకి వచ్చి శ్రమ కొంత తగ్గింది. అయితే ఏ వేళ వెలుగు ఏ గోడపై ఎట్లా పడుతుందో, ఎక్కడ నిలిచి చూస్తే కట్టడపు గాంభీర్యం వ్యక్తమవుతుందో నిర్ణయించేది పలక కాదు, కన్ను. కళ అక్కడే ఉన్నది.

1885లో వైస్రాయి లార్డ్ డఫ్రిన్ ఆయనను తన ఛాయాచిత్రకారునిగా నియమించారు. ఆ కాలంలోనే ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆదరం లభించింది. 1886లో సికిందరాబాదులోనూ, 1896లో బొంబాయిలోనూ స్టూడియోలు వెలిశాయి. 1897లో విక్టోరియా రాణి గుర్తింపు లభించింది. వీటన్నిటికంటె విలువైనది నిజాం ప్రసాదించిన ముసవ్విర్ జంగ్ బిరుదమని నా అభిప్రాయం. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. కుంచె పట్టినవానికి చెల్లే ఆ మాటను కెమెరా పట్టినవానికి ఇవ్వడమంటే, ఛాయాచిత్రణను కళగా దర్బారు అంగీకరించడమే గదా!

1892లో హైదరాబాదులో ఆయన స్త్రీల కొరకు ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పారు. దాని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించారు. పరదా మర్యాద చెడకుండానే, అంతఃపుర స్త్రీలు తమ రూపాన్ని తమ సంతతికి మిగుల్చుకోగలిగారు. సమాజాన్ని ఎదిరించకుండా, దాని ఆచారాన్ని గౌరవిస్తూనే కొత్త కళకు దారి చేసిన వివేకం ఇది.

దీన్ దయాళ్ ప్రభువుల విందులను, వేటలను, రాజప్రాసాదాలను మాత్రమే చిత్రించారని కొందరి ఆక్షేపణ. 1902లో వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ వద్ద లార్డ్ కర్జన్ దంపతులను వేటాడిన పులితో చిత్రించిన మాట నిజమే. కాని అదే కాలంలో నిజాం రాజ్యంలో క్షామపీడితుల సహాయక చర్యలను కూడా ఆయన స్టూడియో చిత్రించింది. ఆ చిత్రాలు సర్కారు కోరికపై, సర్కారు సత్కార్యాలను చాటడానికే తీసినవి కావచ్చు. అయినా కెమెరా తన ముందున్నదానిని దాచలేదు. ప్రభువుల పేర్లు చిత్రాల అడుగున ఉన్నాయి. కూలీల, సేవకుల పేర్లు లేవు. వారి ముఖాలు మాత్రం ప్రభువుల ముఖాలంత స్పష్టంగానే నిలిచాయి. చరిత్ర గ్రంథాలు చేయని న్యాయం గాజు పలక చేసింది.

1904లో కుమారుడు ధరమ్ చంద్ మరణించాడు. మరుసటి ఏడు, 1905లో, దీన్ దయాళ్ కన్నుమూశారు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరిచింది. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా బిళ్ళ విడుదల చేసింది.

విద్యార్థులారా! మన పాతబస్తీ ఇళ్ళలో పాత ఛాయాచిత్రాలు ఎన్నో పెట్టెల అడుగున మాసిపోతున్నాయి. వాటిలోని వారిని గుర్తించగల పెద్దలు ఇంకా ఉండగానే, అడిగి, చిత్రం వెనుక పెన్సిలుతో పేరు వ్రాయండి. దీన్ దయాళ్ చిత్రాలలోని సేవకులకు దక్కని ఆ చిన్న గౌరవం మన వారికైనా దక్కనీయండి.