మూగజీవుల పక్షాన రుక్మిణీదేవి

భద్రాచలం పొలిమేరను ఆనుకొని ఎటపాక అనే గ్రామం ఉంది. సీతను అపహరించుకొని పోతున్న రావణుని అడ్డగించి, రెక్కలు తెగి జటాయువు నేలకూలిన చోటు ఇదేనని అక్కడివారి విశ్వాసం. తెగిన రెక్క ఒకటి దిగువన ఉన్న రేకపల్లిలో పడిందని కూడా చెప్పుకొంటారు. ఎగువన పర్ణశాల ఉంది. కూనవరం వద్ద శబరి నది వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఈ అడవి అంచు పల్లెలకు రామాయణం గ్రంథంలోని కథ మాత్రమే కాదు, నిత్యం నడిచే దారుల పేరు కూడా. ఆ కథలో తొలుత ప్రాణమిచ్చినది ఒక పక్షి.

అదే రామాయణాన్ని 1955 నుండి 1970 వరకు ఆరు నృత్యరూపకాలుగా మద్రాసులో రంగస్థలానికి ఎక్కించిన కళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. వాటిలో 1965 నాటి రూపకం పేరు ‘శబరి మోక్షం’. భరతనాట్యానికి గౌరవం తెచ్చిన మహిళగా ఆమెను దేశమంతా ఎరుగును. అయితే పశుపక్ష్యాదుల బాధను నేరంగా పరిగణించే చట్టం ఒకటి భారతదేశంలో రూపొందడానికి ఆమే కారణమని ఎరిగినవారు తక్కువ. ఆమె ఈ ప్రాంతానికి చెందిన వ్యక్తి కాదు. కాని ఆ చట్టం మాత్రం ఖమ్మం సరిహద్దు పల్లెలదాకా వచ్చింది.

రుక్మిణీదేవి 1904 ఫిబ్రవరి 29న మధురైలో జన్మించారు. తండ్రి నీలకంఠశాస్త్రి ఇంజనీరు, సంస్కృతం చదువుకొన్నవారు, దివ్యజ్ఞాన సమాజ సభ్యులు. ఆయన కుటుంబంతో మద్రాసు సమీపాన ఉన్న అడయారుకు వచ్చి స్థిరపడడంతో, అనిబిసెంట్ ప్రభావం ఆమెపై చిన్ననాడే పడింది. సకల ప్రాణులలోను ఉన్నది ఒకే జీవమనే భావన ఆ పరిసరాలలో నిత్యం వినిపించేది. 1920లో, పదహారేళ్ళ వయస్సులో, ఆంగ్లేయుడైన జార్జ్ అరండేల్‌ను ఆమె వివాహమాడారు. నాటి మద్రాసు సమాజం ఆ పెళ్ళిని సహించలేకపోయింది. లోకం ముఖం చిట్లించినా తాను నమ్మిన దారిని వీడకపోవడం ఆమెకు అప్పటినుండే అలవడింది.

ఆ నిబ్బరం నాట్యంలో బయటపడింది. ‘సదిర్’ అనే పేరుతో దేవదాసీ కుటుంబాలు తరతరాలుగా కాపాడిన నృత్యాన్ని చదువుకొన్న కుటుంబాలు నీచంగా చూస్తున్న రోజులవి. ఆమె పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై వద్ద దానిని అభ్యసించి, 1935లో బహిరంగంగా ప్రదర్శించారు. 1936లో కళాక్షేత్రాన్ని స్థాపించారు. ఆ కళను పుట్టించి పెంచిన కుటుంబాలను పక్కకు నెట్టి, అందులోని శృంగారాన్ని కత్తిరించారన్న విమర్శ ఆమెపై ఉంది. అది పూర్తిగా కాదనదగినది కాదు. తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం మరొకటి ఉంది. తంజావూరు జిల్లా మెలట్టూరులో తెలుగులోనే ఆడే భాగవతమేళ నాటకాలను కళాక్షేత్ర వేదికమీదికి తెచ్చినది ఆమే.

1952లో రుక్మిణీదేవిని రాష్ట్రపతి రాజ్యసభకు నామినేట్ చేశారు. కళాకారులకు లభించే అలాంటి స్థానాన్ని అలంకారంగా భావించి ఊరకుండేవారు ఉంటారు. ఆమె మరుసటి సంవత్సరమే జంతుహింస నివారణకు ఒక అనధికార బిల్లును సభలో ప్రవేశపెట్టారు. అప్పటికి దేశంలో ఉన్నది 1890 నాటి ఆంగ్లేయుల చట్టం. అది ప్రధానంగా పెంపుడు జంతువులకు, బంధించిన జంతువులకు వర్తించేది. వీధిలో నలుగురి కంటబడే హింసనే ఎక్కువగా పట్టించుకొనేది. నాలుగు గోడల మధ్య జరిగే హింస దానికి కనబడదు. బండి ఎద్దును వీధిలో కొడితే తప్పు, ప్రయోగశాలలో కోతిని ఏమి చేసినా అడిగేవారు లేరు. ఈ లోపాన్ని పూడ్చాలన్నది ఆమె సంకల్పం.

బిల్లుపై చర్చ జరిగినప్పుడు ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దాని ఆశయం పట్ల సానుభూతి చూపారు. అయితే ఇంతటి విషయంపై ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తేవడం మంచిదని, బిల్లును ఉపసంహరించుకోవలసిందని కోరారు. ఇది ఆమె జీవితంలో కఠినమైన ఘట్టం. బిల్లును పట్టుబట్టి ఓటుకు పెట్టించితే ఓడిపోవడం తథ్యం, కాని తన మాటలన్నీ చెక్కుచెదరక చరిత్రలో మిగులుతాయి. వెనక్కు తీసుకొంటే చట్టం రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినా అది తాను కోరిన రూపంలో ఉండదు. ఆమె మాటను నమ్మి బిల్లును ఉపసంహరించుకొన్నారు. ఆ తరువాత వేచియున్నది ఒకటి రెండు నెలలు కాదు, ఏళ్ళకు ఏళ్ళు. 1960 డిసెంబరులో జంతుహింస నివారణ చట్టం వెలువడింది.

జీవితాంతం శాకాహారిగా ఉన్న ఆమెకు ఆ చట్టం సంపూర్ణ తృప్తినిచ్చి ఉండదు. అది ప్రాణిని చంపడాన్ని నిషేధించదు. ఆహారం కోసం వధించడం, మతాచారం ప్రకారం వధించడం, వైద్య పరిశోధన – వీటన్నిటికి అందులో చోటుంది. అది నిషేధించేది అనవసరమైన బాధను. మానవుడు కాక ప్రాణమున్న ప్రతి జీవీ జంతువే అని అందులో నిర్వచించారు; కనుక ఆవు, ఏనుగు మాత్రమే కాదు, పెరటి కోడి కూడా దాని నీడలోకి వచ్చింది. కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో ఏ ప్రాణిని ఉంచినా నేరమే. వినోదం కోసం ఒక జంతువును మరొక దానితో పోరాడించినా నేరమే. శిక్ష మాత్రం స్వల్పం. మొదటి తప్పుకు విధించే జరిమానా యాభై రూపాయలు దాటదు. 1960లో అది కొంత బరువైన మొత్తమే. రూపాయి విలువ తరిగిపోతున్నా చట్టంలోని అంకె దశాబ్దాల తరబడి అలాగే ఉండిపోయింది.

ఈ చట్టం కిందనే 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడగా, రుక్మిణీదేవి దానికి అధ్యక్షురాలై 1986లో కన్నుమూసే వరకు సేవ చేశారు. ఆమె కాలంలోనే, 1978లో, జంతువుల రవాణాకు నియమాలు వచ్చాయి. ఛత్తీస్‌గఢ్, ఒడిశా వైపునుండి భద్రాచలం మీదుగా పశువులను కుక్కి తీసుకొనిపోయే లారీలు పట్టుబడినప్పుడు పోలీసులు తిరగవేసే నిబంధనలలో అవి కూడా ఉంటాయి. 1977లో ప్రధాని మొరార్జీ దేశాయి ఆమెను రాష్ట్రపతి పదవికి పోటీ చేయవలసిందిగా కోరగా ఆమె మన్నించలేదు. ఆ యేడు ఆ పదవి ఏకగ్రీవంగా నీలం సంజీవరెడ్డిని వరించింది. ఆమె తన కళాక్షేత్రంలోను, మండలి పనిలోను ఉండిపోయారు.

చట్టం కాగితంపై ఉండడం వేరు, బరిలో కత్తి కట్టిన కోడిదాకా చేరడం వేరు. 2014లో భద్రాచలం డివిజనులోని కూనవరం, చింతూరు తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన తరువాత సరిహద్దు రేఖ జరిగింది గాని, సంక్రాంతికి ఖమ్మం వైపునుండి ఆవలి బరులకు తరలిపోయే జనం తగ్గలేదు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు, నాగమ్మల కోళ్ళ పోరును చదివినవారికి ఈ మోజు ఎంత పాతదో తెలుసు. 2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు కోడిపందేలను గట్టిగా అరికట్టాలని ఆదేశించినప్పుడు ఆధారంగా నిలిచిన వాటిలో ఈ 1960 చట్టమే ముఖ్యమైనది. అయినా పందేలు ఆగిపోలేదు.

అయితే డేగ, కాకి, నెమలి అని పేరు పెట్టి, బాదంపప్పు తినిపించి, నీట ఈదించి పెంచే పందెం కోడికి ఆ చివరి దినం వరకైనా ఎండా గాలీ దక్కుతాయి. అడవి పల్లెలలో కోయల ఇంటి కోడి పగలంతా మన్ను గీరుకొని, చీకటి పడగానే గంప కిందికో చెట్టు కొమ్మమీదికో చేరుతుంది. దానినీ ఒకనాడు కోస్తారు. కాని అది బతికినన్నాళ్ళు కోడిగా బతుకుతుంది. 1970ల తరువాత తెలుగునేలపై విస్తరించిన కోళ్ళ పరిశ్రమలో ఆ భాగ్యం లేదు. గుడ్లకై పెంచే కోళ్ళను తీగల బోనుల్లో కొన్నింటిని కలిపి ఉంచుతారు. ఒక్కొక్క దానికి దక్కే చోటు మనం వ్రాసుకొనే కాగితమంత కూడా ఉండదు. రెక్క విప్పడానికి వీలులేదు. ఒకదానినొకటి పొడుచుకోకుండా పసితనంలోనే ముక్కు కొన కత్తిరిస్తారు. గుడ్లు పెట్టే జాతిలో పుట్టిన మగపిల్లలు గుడ్డు పెట్టవు, మాంసానికీ లాభం కావు. కనుక వాటిని పొదిగిన చోటనే చంపివేస్తారు. మాంసపు కోడి ఆరు వారాలలోనే రెండు కిలోలు తూగేటట్లు పెరుగుతుంది. తన బరువును తానే మోయలేక దాని కాళ్ళు వంగిపోతాయి. చివరి ప్రయాణంలో మోటారు సైకిలుకు ఇరువైపులా తలకిందులుగా వేలాడే కోళ్ళగుత్తులను ఊరిలో చూడనివారు లేరు. వాటిని నోరులేనివని అనడం కూడా సరికాదేమో, అవి దారి పొడవునా అరుస్తూనే ఉంటాయి.

బోను కొలతల గురించి ఆ చట్టంలో వాక్యం చేరిన నాడు ఇలాంటి షెడ్లు ఈ దేశంలో దాదాపు లేవు. ఐరోపా సమాఖ్య ఇటువంటి తీగబోనులను 2012 నుండి నిషేధించింది. మన దేశంలో న్యాయ కమిషన్ 2017లో తన 269వ నివేదికను పూర్తిగా గుడ్ల కోళ్ళు, మాంసపు కోళ్ళ పెంపకానికే కేటాయించింది. ఇరుకు బోనులను విమర్శించి, కోళ్ళ పెంపకానికి, రవాణాకు ప్రత్యేక నియమాల ముసాయిదాలను ప్రభుత్వానికి సమర్పించింది. ఆ ముసాయిదాలు నిలబడిన పునాది, 1960 చట్టంలో బోను ఎత్తు, పొడవు, వెడల్పులను పేర్కొన్న ఆ ఒక్క వాక్యమే.