బుట్ట మన చేతికిచ్చినోడు

సూపర్ మార్కెట్‌కి పోయినప్పుడు ఎలా కొనాలో మనకి ఎవరూ నేర్పించలేదు. గేటు దగ్గర బుట్ట తీసుకుంటాం, వరసల మధ్య తిరుగుతాం, కందిపప్పు ప్యాకెట్ మీద రేటు చూస్తాం, పక్క కంపెనీది రెండు రూపాయలు తక్కువుంటే ఇది పెట్టేసి అది తీసుకుంటాం, చివర్లో కౌంటర్ దగ్గర నిలబడి బిల్లు కడతాం. ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే కదా అనిపిస్తుంది. కానీ దీనికి పుట్టిన ఊరుంది, సంవత్సరముంది, పేటెంట్ నంబరు కూడా ఉంది. ఊరు అమెరికాలోని మెంఫిస్. సంవత్సరం 1916. పేటెంట్ నంబరు 12,42,872. మనిషి పేరు క్లారెన్స్ సాండర్స్. బతికున్న రోజుల్లో అమెరికా పత్రికలన్నీ రాసిన పేరు, ఇప్పుడు మనలో చాలామంది విననే వినని పేరు.

ఇతని గురించి ఎందుకు రాస్తున్నానంటే, మాది ఎమ్మిగనూరు, మా అమ్మ పుట్టిల్లు ఆదోని. మా ఇంట్లో నెల మొదట్లో సరుకుల పంచాయితీ తప్పదు. వీధిలో ఉన్న అంగట్లోనే తెచ్చుకుందామని మా నాయన. తక్కువ రేట్లకు అమ్మే సూపర్ మార్కెట్‌కి పోదామని మా అమ్మ. ఎట్లాగూ కర్నూలు పోతున్నాం కదా, పెద్ద చైన్ స్టోర్లో ఒకేసారి తెచ్చుకుందామని మా అక్క. ఈ పంచాయితీ అసలు ఎక్కడ మొదలైందా అని వెతుక్కుంటూ పోతే సాండర్స్ దగ్గర తేలాను.

సాండర్స్ 1881 ఆగస్టు 9న వర్జీనియా రాష్ట్రంలో పుట్టాడు. పేద కుటుంబం. చిన్నప్పుడే వాళ్ళు టెన్నెసీకి వచ్చేశారు. 14 ఏళ్ళకే చదువు మానేసి ఒక అంగట్లో గుమాస్తాగా చేరాడు. తర్వాత కొన్నాళ్ళు అలబామాలో కోక్ బట్టీల దగ్గర, ఇంకొన్నాళ్ళు రంపపు మిల్లులో పనిచేసి, మళ్ళీ సరుకుల వ్యాపారంలోకే వచ్చాడు. 19 ఏళ్ళు వచ్చేసరికి ఒక హోల్‌సేల్ కంపెనీ సేల్స్‌మన్‌గా నెలకు 30 డాలర్లు సంపాదిస్తున్నాడు. 1902లో మెంఫిస్ చేరాడు.

మెంఫిస్ గురించి ఒక మాట చెప్పాలి. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న పత్తి పట్నం అది. చుట్టుపక్కల పొలాల్లో పండిన పత్తంతా ఆ ఊరికే వచ్చేది. ఇది చదువుతున్నప్పుడు నాకు ఆదోని మార్కెట్ యార్డే కళ్ళముందు కనిపించింది. పత్తి ఊర్లకు ఒక లక్షణం ఉంటుంది. రైతుకు డబ్బు చేతికొచ్చేది ఏడాదికి ఒకసారి, పత్తి అమ్మినప్పుడే. మిగతా నెలలన్నీ ఇల్లు గడవాలంటే అంగట్లో ఉద్దర పెట్టాల్సిందే. అంగడాయన పద్దు రాసుకుంటాడు, పంట వచ్చాక వసూలు చేసుకుంటాడు. ఆ రోజుల్లో అమెరికా దక్షిణాదిలో కూడా సరిగ్గా ఇదే జరిగేది.

సేల్స్‌మన్‌గా ఊరూరూ తిరిగిన సాండర్స్‌కి ఒక సంగతి అర్థమైంది. చిన్న అంగళ్ళు మూతపడేది సరుకు అమ్ముడుపోక కాదు. ఒకటి, ఉద్దర వసూలు కాక. రెండు, గుమాస్తాల జీతాలు మోయలేక. అప్పట్లో సరుకంతా కౌంటర్ వెనకాల పీపాల్లో, అరల్లో ఉండేది. కొనేవాళ్ళు చిట్టీ చదివితే, గుమాస్తా ఒక్కొక్కటీ తీసి, తూచి, పొట్లం కట్టి ఇచ్చేవాడు. రద్దీ ఉన్నప్పుడు పదిమంది నిలబడి చూస్తుంటారు, గుమాస్తా ఒక్కడే ఉరుకుతుంటాడు. రద్దీ లేనప్పుడు గుమాస్తాలందరూ ఖాళీగా కూర్చుంటారు, జీతం మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఈ ఖర్చంతా ఎవరి మీద పడుతుంది? కొనేవాళ్ళ మీదే.

ఈ లెక్క సాండర్స్ ఒక్కడికే తట్టిందేమీ కాదు. ఏ అండ్ పీ అనే పెద్ద చైన్ 1912లోనే ఉద్దర లేదు, ఇంటికి పంపడం లేదు అంటూ చిన్న చిన్న చౌక అంగళ్ళు పెట్టడం మొదలుపెట్టింది. కానీ అక్కడ కూడా కౌంటర్ అలాగే ఉంది, గుమాస్తా అలాగే ఉన్నాడు. సాండర్స్ ఆ కౌంటర్‌నే పీకేశాడు.

1916 సెప్టెంబర్‌లో మెంఫిస్ జెఫర్సన్ అవెన్యూలో మొదటి అంగడి తెరిచాడు. పేరు పిగ్లీ విగ్లీ. ఇదేం పేరని అడిగితే, జనం అలా అడగాలనే పెట్టానని చెప్పేవాడట. లోపలికి పోవడానికి తిరిగే గేటు ఒకటి. అక్కడ బుట్ట తీసుకోవాలి. దారి ఒకటే, వరసల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. బయటికి రావాలంటే ప్రతి అర ముందు నుంచీ నడిచి రావాల్సిందే. ప్రతి వస్తువు మీదా రేటు ఉంటుంది. చివర్లో డబ్బు కట్టే చోటు. 1917 అక్టోబర్‌లో ఈ ఏర్పాటుకు పేటెంట్ వచ్చింది. ఆ పేటెంట్ బొమ్మలు చూడండి ఫ్రెండ్స్, మనం ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో వేసే ప్లాన్‌లాగే ఉంటాయి. ఎటు లోపలికి, ఎటు బయటికి, పైనుంచి కనిపెట్టే మనిషి ఎక్కడ నిలబడాలి, అన్నీ గీశాడు.

ఇక్కడ మూడు మార్పులు జరిగాయి. మొదటిది, గుమాస్తా చేసే పని కొనేవాళ్ళ చేతికొచ్చింది. మనం వరసల్లో తిరుగుతున్నామంటే జీతం లేకుండా ఆ గుమాస్తా పని చేస్తున్నట్టే. దానికి బదులుగా రేటు తగ్గింది. రెండోది, అమ్మేవాడు మాట్లాడడు కాబట్టి డబ్బానే మాట్లాడాల్సి వచ్చింది. పీపాలో సరుకు పోయి, రంగుల లేబుల్ అంటించిన ప్యాకెట్ వచ్చింది. ఈరోజు బ్రాండ్లకు ఉన్న బలంలో దీనికి పెద్ద వాటా ఉంది. మూడోది నాకు చాలా నచ్చింది. రేటు రాసి ఉంటే అది అందరికీ ఒకటే. మొహం చూసి, బట్టలు చూసి, కులం చూసి రేటు చెప్పడం కుదరదు. మా అవ్వ చిన్నప్పుడు అంగడి బయట నిలబడే సరుకు అడిగేదంట. అలాంటి మనిషి లోపలికి నడిచిపోయి తన చేత్తో తను ప్యాకెట్ తీసుకోవడం చిన్న సంగతి కాదు.

వ్యాపారం మంటలా పాకింది. ఏడేళ్ళు తిరక్కుండానే 29 రాష్ట్రాల్లో 1200 దాకా పిగ్లీ విగ్లీ అంగళ్ళు వచ్చాయి. కొన్ని కంపెనీవి, మిగతావి పేరు వాడుకోవడానికి అనుమతి తీసుకున్న వేరేవాళ్ళవి. 1922లో కంపెనీ షేర్లు న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లోకి వచ్చాయి. సాండర్స్ మెంఫిస్‌లో గులాబీ రంగు చలువరాయితో ఒక మేడ కట్టడం మొదలుపెట్టాడు. ఊళ్ళో వాళ్ళు దాన్ని పింక్ ప్యాలెస్ అనేవాళ్ళు.

ఇక్కడి నుంచి కథ అడ్డం తిరుగుతుంది. 1922 చివర్లో న్యూయార్క్ వైపు, వేరేవాళ్ళు నడుపుతున్న కొన్ని పిగ్లీ విగ్లీ అంగళ్ళు దివాలా తీశాయి. అవి సాండర్స్ కంపెనీవి కావు. కానీ పేరు ఒకటే కదా. ఇదే అదనుగా వాల్ స్ట్రీట్‌లో కొందరు ఆ షేరును షార్ట్ చేశారు. షార్ట్ అంటే మన యార్డు భాషలో చెప్తా. నా దగ్గర పత్తి లేదు. అయినా ఈరోజు రేటుకు పది బేళ్ళు అమ్మేస్తా. రేటు పడిపోయాక తక్కువకు కొని నీకు అప్పజెప్తా, మధ్యలో తేడా నాది. రేటు పడిపోవాలని అందరూ కోరుకుంటే, అది నిజంగానే పడిపోతుంది.

సాండర్స్‌కి ఒళ్ళు మండింది. బ్యాంకుల దగ్గర కోటి డాలర్లు అప్పు తెచ్చాడు. జెస్సీ లివర్‌మోర్ అనే పేరుమోసిన స్పెక్యులేటర్‌ని పెట్టుకున్నాడు. మార్కెట్లో కనిపించిన షేరల్లా కొన్నాడు. 1923 మార్చి నాటికి బయట ఉన్న 2 లక్షల షేర్లలో వెయ్యి చిల్లర తప్ప అన్నీ అతని దగ్గరే ఉన్నాయి. అంటే యార్డులో ఉన్న బేళ్ళన్నీ ఒక్కడి గోడౌన్లోనే ఉన్నాయన్నమాట. లేని పత్తి అమ్మినవాళ్ళు ఇప్పుడు ఎక్కడ కొని అప్పజెప్పాలి? మార్చి 20న సాండర్స్ తన షేర్లు తనకు ఇమ్మన్నాడు. 75 డాలర్ల దగ్గర ఉన్న రేటు ఆ ఒక్కరోజే 124 దాకా ఎగిరింది.

గెలిచేసినట్టే. కానీ ఎక్స్ఛేంజ్ వాళ్ళు ఆ షేరు లావాదేవీలే ఆపేశారు. అప్పజెప్పడానికి గడువు కూడా పెంచారు. ఆ గడువులో అవతలివాళ్ళు ఎక్కడెక్కడో చిన్న చిన్న ఊర్లలో మిగిలిన షేర్లు వెతికి పట్టుకొచ్చారు. సాండర్స్ చేతిలో గుట్టలకొద్దీ షేర్లు మిగిలాయి, కొనే నాథుడు లేడు. నెత్తిన అప్పు. మెంఫిస్ ఊరు ఊరంతా కదిలి, ఒక్కో షేరు 55 డాలర్లకు ఇల్లిల్లూ తిరిగి అమ్మిపెట్టాలని చూసింది. అదీ సాగలేదు. 1923 ఆగస్టులో తను పెట్టిన కంపెనీ నుంచి తనే తప్పుకున్నాడు. పింక్ ప్యాలెస్ కూడా పోయింది. అందులో ఒక్కరోజు కూడా కాపురం చెయ్యలేదు. 1930లో అది నగర మ్యూజియం అయ్యింది, ఈరోజుకీ ఉంది. అంగడి నడపడంలో అతను ఓడిపోలేదు. అంగడి లాభాలతో ఆడకూడని ఆట ఆడి ఓడిపోయాడు. మన దేశంలో దీనికి తిరగేసిన కథ ఉంది. డీమార్ట్ పెట్టిన రాధాకిషన్ దమానీ షేర్ మార్కెట్లో సంపాదించి, ఆ తర్వాత 2002లో సరుకుల అంగడి తెరిచాడు.

సాండర్స్ ఊరుకోలేదు. ఇంకో చైన్ పెట్టాడు. దాని పేరు, నా పేరుకు నేనొక్కడినే యజమానిని అనే అర్థం వచ్చేలా ఉంటుంది. ఆ పేరు వాడకూడదని పాత కంపెనీ కోర్టుకు పోతే, గెలిచింది సాండర్సే. మళ్ళీ కోటీశ్వరుడయ్యాడు. ఆర్థిక మాంద్యంలో అదీ పోయింది.

ఇక మన బ్రాంచీల వాళ్ళు చెవులు రిక్కించాల్సిన భాగం. 1937లో మెంఫిస్‌లో కీడూజిల్ అనే అంగడి తెరిచాడు. తాళంచెవే అంతా చేసిపెడుతుందనే అర్థంలో ఆ పేరు. అద్దాల వెనక సరుకుల నమూనాలు ఉంటాయి. కొనేవాళ్ళ చేతిలో ఒక తాళంచెవి. కావాల్సిన వస్తువు కింద ఉన్న కన్నంలో చెవి పెట్టి తిప్పితే సర్క్యూట్ కలుస్తుంది, వెనక గోడౌన్లో ఆ వస్తువు కన్వేయర్ బెల్ట్ మీద పడుతుంది, బిల్లు దానంతటదే కూడుతుంది. కంప్యూటర్లు లేని రోజుల్లో! ఇద్దరు ముగ్గురు కొంటుంటే బాగానే నడిచేది. రద్దీ ఎక్కువైతే ఒకరి సరుకు ఇంకొకరి బిల్లులో కలిసిపోయేది, రిపేర్లకే డబ్బంతా అయ్యేది. మార్చి మార్చి మూడుసార్లు ప్రయత్నించాడు, 1949కల్లా ఆపేయాల్సి వచ్చింది. అయినా వదల్లేదు. ఫుడెలెక్ట్రిక్ అని ఇంకో యంత్రం మీద పనిచేస్తూ, అది తెరవకుండానే 1953 అక్టోబర్‌లో చనిపోయాడు.

అతను వేసిన దారిలో మిగతావాళ్ళు నడిచారు. క్రోగర్ అనే పెద్ద చైన్‌లో పనిచేసే మైఖేల్ కల్లెన్, ఊరి అంచున తక్కువ అద్దెకు పెద్ద హాలు తీసుకుని, లాభం తగ్గించి, ఎక్కువ అమ్ముదామని పైవాళ్ళకు ఉత్తరం రాశాడు. వాళ్ళు పట్టించుకోలేదు. ఉద్యోగం మానేసి 1930లో న్యూయార్క్ క్వీన్స్‌లో ఒక పాత గ్యారేజీలో తనే తెరిచాడు. జనం ఎగబడ్డారు. అప్పటికి 15 వేలకు పైగా చిన్న అంగళ్ళున్న ఏ అండ్ పీ కూడా కొన్నేళ్ళకు వాటిని మూసుకుంటూ అదే దారికి రావాల్సి వచ్చింది. పెద్ద చైన్‌కీ, రేటు తగ్గించే అంగడికీ పోటీలో మొదటి పెద్ద దెబ్బ అదే.

ఇదంతా చదివాక మా ఇంటి పంచాయితీ నాకు వేరేలా కనిపిస్తోంది. మా మామకు ఆదోనిలో చిన్న కిరాణా అంగడి ఉంది. దగ్గర్లో ఒక సూపర్ మార్కెట్ వచ్చింది. అక్కడ నూనె ప్యాకెట్ రేటు మా మామ రేటు కంటే తక్కువ. మా మామ మోసం చేస్తున్నాడనుకుంటే తప్పు. ఆ తేడాలో హమాలీల ఉద్దర ఉంది, పత్తి అమ్మేదాకా ఆగే రైతుల బాకీ ఉంది, రాకుండా పోయే బాకీ కూడా ఉంది. సాండర్స్ తీసేసిన ఖర్చు అదే. అంటే తగ్గింపు రేటు చేతిలో డబ్బున్నవాడికే దొరుకుతుంది. చేతిలో డబ్బు లేనివాడు ఎక్కువ రేటుకు కొంటాడు, కానీ వాడికి ఆ పూట అన్నం దొరుకుతుంది. అలాగని డబ్బు చేతిలో ఉన్న మా అమ్మ ఎవరి ఉద్దర ఖర్చో ఎందుకు మోయాలి అంటే, దానికీ నా దగ్గర జవాబు లేదు. సూపర్ మార్కెట్ వచ్చాక డబ్బున్నవాళ్ళంతా అటు పోతే, మా మామ దగ్గర ఉద్దరవాళ్ళే మిగులుతారు. అప్పుడు అంగడి ఎన్నాళ్ళు నిలబడుతుంది? అది మూతపడితే సుగ్గికి గుంటూరు వలసపోయి వచ్చే కుటుంబాలకు మధ్య నెలల్లో బియ్యం ఎవరిస్తారు?

ఇంకో తమాషా. హైదరాబాద్, బెంగళూరుల్లో ఫోన్లో సరుకులు నొక్కితే ఎవరో గోడౌన్లో ఏరి, సంచిలో పెట్టి, ఇంటికి పంపిస్తున్నారు. అది కీడూజిలే. ఇంకా చెప్పాలంటే చిట్టీ ఇచ్చి ఇంటికి తెప్పించుకునే పాత అంగడే. సాండర్స్ తీసేసిన గుమాస్తా మళ్ళీ వచ్చాడు, మనకు కనిపించడంతే.

మనలో చాలామంది రేపు ఇలాంటి యాప్‌లకు, గోడౌన్లకు కోడ్ రాసేవాళ్ళమే, యంత్రాలు డిజైన్ చేసేవాళ్ళమే. రేటు తగ్గించిన ప్రతిచోటా ఒక ఖర్చు తీసేసి ఉంటారు. ఆ ఖర్చు ఎవరిది, అది తీసేస్తే ఎవరి మీద పడింది అని ఒకసారి లెక్క వేసుకోవడం మన చదువులో భాగమే అనుకుంటున్నా. ప్రస్తుతానికి మా ఇంట్లో రాజీ కుదిరింది. నూనె, సబ్బులు సూపర్ మార్కెట్లో. బియ్యం, పప్పులు, బొరుగులు వీధి అంగట్లో.