ఆస్కార్ ఫిషింగర్

ఆస్కార్ ఫిషింగర్ (జూన్ 22, 1900 - జనవరి 31, 1967) జర్మనీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన యానిమేషన్ దర్శకుడు, చిత్రకారుడు. కథ, పాత్రలు, మాటలు లేకుండా గీతలు, వృత్తాలు, రంగుల కదలికతోనే సంగీతాన్ని తెరపై చూపించాడు. మ్యూజిక్ వీడియోలకు ఆద్యులలో ఒకడిగా ఇతనిని పరిగణిస్తారు.

తొలి జీవితం

ఫిషింగర్ గెల్న్‌హౌసెన్ పట్టణంలో జన్మించాడు. మొదట ఆర్గాన్ వాద్యాల తయారీ నేర్చుకొని, తరువాత ఇంజనీరు అయ్యాడు. 1921లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాల్టర్ రుట్‌మాన్ తీసిన నైరూప్య చిత్రాన్ని చూసి ఈ రంగం వైపు ఆకర్షితుడయ్యాడు. మైనపు దిమ్మెను పలుచని పొరలుగా కోస్తూ, పొర పొరకూ ఒక ఫోటో తీసే యంత్రాన్ని రూపొందించాడు. 1927లో మ్యూనిక్ నుండి బెర్లిన్‌కు కాలినడకన వెళ్ళి, ఆ ప్రయాణాన్ని చిన్న చిత్రంగా మలచాడు.

రికార్డులకు చిత్రాలు

ఫ్రిట్జ్ లాంగ్ దర్శకత్వంలో 1929లో విడుదలైన 'వుమన్ ఇన్ ది మూన్' చిత్రానికి పనిచేస్తుండగా ఇతని చీలమండ విరిగింది. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో కాగితంపై బొగ్గుతో బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. వాటి నుండే 'స్టడీ' అనే పేరుతో వరుస సంఖ్యలు గల చిత్రాలు వెలువడ్డాయి. గ్రామఫోను రికార్డులోని లయకు ప్రతి కదలికా సరిపోయేలా ఒక్కొక్క చిత్రానికి వేలకొద్దీ బొమ్మలు గీయవలసి వచ్చేది. తొలి చిత్రాల చివర ఎలెక్ట్రోలా కంపెనీ రికార్డు ప్రకటన ఉండేది. పాటను అమ్మడానికి దృశ్యాన్ని తోడుచేసే పద్ధతికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

హాలీవుడ్‌లో

నైరూప్య కళను నాజీ ప్రభుత్వం హీనమైనదిగా ముద్రవేసింది. దీంతో 1936లో పారమౌంట్ సంస్థ ఆహ్వానంపై ఫిషింగర్ హాలీవుడ్ చేరాడు. రంగుల్లో రూపొందించిన తన చిత్రాన్ని నలుపు తెలుపుల్లో వాడాలని ఆ సంస్థ నిర్ణయించడంతో అక్కడి నుండి వైదొలగాడు. తరువాత ఆ చిత్రాన్ని తిరిగి కొని, 'అల్లెగ్రెట్టో' పేరుతో రంగుల్లో పూర్తి చేశాడు. ఎం.జి.ఎం. సంస్థకు ఫ్రాంజ్ లిస్ట్ సంగీతంతో 'యాన్ ఆప్టికల్ పొయెమ్' (1938) తీశాడు.

డిస్నీ సంస్థ నిర్మించిన 'ఫాంటాసియా' (1940)లో బాక్ స్వరరచనకు సంబంధించిన భాగానికి రూపకల్పన చేశాడు. అతని ఆకృతులను అక్కడివారు మార్చివేయగా, 1939లో ఆ పని వదిలివేశాడు. చిత్రంలో అతని పేరు వేయలేదు.

చివరి దశ

1947లో పూర్తయిన 'మోషన్ పెయింటింగ్ నం. 1' ఇతని రచనలలో ప్రసిద్ధమైనది. పారదర్శకమైన ప్లాస్టిక్ పలకపై తైలవర్ణాలతో చిత్రిస్తూ, కుంచె కదిపిన ప్రతిసారీ ఒక ఫోటో తీశాడు. దీనికి 1949లో బ్రస్సెల్స్‌లో జరిగిన ప్రయోగాత్మక చిత్రాల పోటీలో అత్యున్నత బహుమతి లభించింది. అయినా ఆర్థిక సహాయం కరువై, ఆ తరువాత ఎక్కువగా చిత్రలేఖనానికే పరిమితమయ్యాడు. చేతి కదలికలతో రంగుల వెలుగును ఆడించే 'ల్యూమిగ్రాఫ్' అనే పరికరానికి 1955లో పేటెంటు పొందాడు. 1967లో లాస్ ఏంజెలెస్‌లో మరణించాడు.

ప్రభావం

ఇతను మరణించిన పద్నాలుగేళ్ళకు, 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎం.టి.వి. ప్రసారాలు మొదలయ్యాయి. పాట అమ్మకానికి దృశ్యాన్ని జోడించడం అప్పటి నుండి సంగీత వ్యాపారంలో ముఖ్యభాగమైంది. 1997లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో 'మోషన్ పెయింటింగ్ నం. 1' స్థానం పొందింది.