కోలారు అనాథలను పెంచిన ఆన్‌స్టీ దొరసాని

ఉగాదినాడు కొత్తయేటి పేరు విని సంతసింతుము. కాని 1876లో వచ్చిన ధాత నామ సంవత్సరము జనులకు ధాత కరువుగానే జ్ఞాపకమున్నది. మైసూరు సీమలో ఆ కరువునకు సుమారు ఐదవవంతు ప్రజలు నశించిరని అంచనా.

అప్పుడు వేమగల్‌కు చేరువనున్న కోలారు పట్టణమున దిక్కులేని బిడ్డలను చేరదీసినది ఆన్‌స్టీ అను ఇంగ్లీషు వనిత. ఆమె మిషను స్త్రీ. తన మతమునే వారికి నేర్పెను. వానలు కురిసి కరువు తీరినది. తల్లిదండ్రులను పోగొట్టుకొన్న బిడ్డల కొరత మాత్రము తీరలేదు. ఆమె మరలిపోక అనాథాశ్రమమును నడిపి, 1890లో అమెరికను మెథడిస్టు మిషనుకు అప్పగించెను.

పరస్థలముననున్న మనము పండుగనాడు అనాథలకొక పూట అన్నము పెట్టుట మంచిదే. మరునాటి పూట ఎవరు పెట్టుదురని ఆలోచించుట అంతకన్న మంచిది.