బాబీ ఫిషర్: పావుల వరుసనే మార్చేసిన చెస్ చాంపియన్.. బెజవాడతో లింక్ ఏంటంటే?

విజయవాడలో చెస్ కోచింగ్‌కు వెళ్లే పిల్లలు ఎత్తుల కన్నా ముందు నేర్చుకునేది పావులు పేర్చడం. మూలల్లో ఏనుగులు, వాటి పక్కన గుర్రాలు, ఆ తర్వాత శకటులు, మధ్యలో రాజు, మంత్రి. తెల్ల మంత్రి తెల్ల గడిలోనే ఉండాలి. ముందు వరుసలో ఎనిమిది బంట్లు. ఇందులో ఎవరి ఇష్టానికీ చోటు లేదు. కానీ ఈ వరుసే వద్దన్న ఓ ప్రపంచ చాంపియన్ ఉన్నాడు. ఆయనే బాబీ ఫిషర్.

1943 మార్చి 9న అమెరికాలోని షికాగోలో పుట్టాడు. ఆరేళ్ల వయసులో అక్క జోన్‌తో కలిసి, కొనుక్కొచ్చిన చెస్ సెట్‌తో పాటు వచ్చిన సూచనలు చూసి ఆట నేర్చుకున్నాడు. మన ఏలూరులో తొలి జాతీయ చెస్ చాంపియన్‌షిప్ జరిగిన 1955లో ఫిషర్‌కు 12 ఏళ్లు. మూడేళ్లు తిరిగేసరికి, అంటే 1958లో, అమెరికా చాంపియన్ అయ్యాడు. అదే ఏడాది 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ కూడా!

ఆ రికార్డు 33 ఏళ్లు నిలిచింది. 1991లో హంగేరీ అమ్మాయి జూడిత్ పోల్గార్ దాన్ని బద్దలుకొట్టింది. 2002లో 15 ఏళ్ల ఒక నెల 27 రోజులకే గ్రాండ్‌మాస్టర్ అయ్యి, మహిళల్లో జూడిత్ రికార్డును దాటేసింది ఎవరో తెలుసా? గుడివాడలో పుట్టిన మన కోనేరు హంపి.

ఫిషర్ పేరు ప్రపంచమంతా మోగింది 1972లో. ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో సోవియట్ చాంపియన్ బోరిస్ స్పాస్కీతో పోరు. మొదటి గేమ్ ఓడాడు. కెమెరాల గొడవతో రెండో గేమ్‌కు రానేలేదు. అయినా పుంజుకున్నాడు. దాదాపు ఎప్పుడూ రాజు ముందున్న బంటుతో ఆట మొదలెట్టే ఫిషర్, ఆరో గేమ్‌లో శకటు ముందున్న బంటును కదిపి అందరికీ షాకిచ్చాడు. ఆ గేమ్ గెలిస్తే ఓడిన స్పాస్కీనే చప్పట్లు కొట్టాడు. చివరికి 12.5-8.5 తేడాతో టైటిల్ ఫిషర్‌దే.

కట్ చేస్తే, 1975లో షరతుల దగ్గర పేచీ పడి కార్పోవ్‌తో ఆడలేదు. టైటిల్ పోయింది. ఆ తర్వాత దాదాపు 20 ఏళ్లు ఆటకే దూరమయ్యాడు. 1992లో ఆంక్షలున్న యుగోస్లావియాలో స్పాస్కీతో మళ్లీ ఆడినందుకు అమెరికా అరెస్ట్ వారెంట్ ఇచ్చింది. యూదులపై చేసిన విద్వేష వ్యాఖ్యలతో అభిమానుల్లోనూ చాలామందిని పోగొట్టుకున్నాడు.

ఇంతకీ వరుస ఎందుకు మార్చాడు? మొదటి ఎత్తులన్నీ బట్టీ పట్టి ఆడుతున్నారని, బుర్రకు పని తగ్గిపోతోందని ఆయన బాధ. అందుకే 1996 జూన్ 19న బ్యూనస్ ఎయిర్స్‌లో కొత్త పద్ధతి ప్రకటించాడు. బంట్లు ఎక్కడివి అక్కడే. వెనక వరుస మాత్రం లాటరీలో ఎలా వస్తే అలా. షరతులు రెండే. శకటులు వేర్వేరు రంగు గడుల్లో ఉండాలి, రాజు రెండు ఏనుగుల మధ్యలో ఉండాలి. నల్ల పావులకూ సరిగ్గా ఎదురుగా అదే వరుస. ఇలా మొత్తం 960 అమరికలు వస్తాయి. అందుకే దీన్ని చెస్ 960 అంటారు.

2004లో జపాన్‌లో ఫిషర్‌ను నిర్బంధించారు. మరుసటి ఏడాది ఐస్‌లాండ్ పౌరసత్వం ఇచ్చి ఆదుకుంది. 2008 జనవరి 17న, తాను గెలిచిన ఆ రేక్యావిక్‌లోనే కన్నుమూశాడు. వయసు 64. చదరంగంలో గడులూ 64.

ఆయన పోయిన 11 ఏళ్లకు, 2019లో, ఈ ఆటకు అధికారిక ప్రపంచ చాంపియన్‌షిప్ వచ్చింది. ఫైనల్లో వెస్లీ సో చేతిలో ఓడింది ఎవరో కాదు, మాగ్నస్ కార్ల్‌సన్. ఇంట్లో చెస్ బోర్డు ఉంటే ఈ ఆదివారం వెనక వరుస మార్చి ఆడి చూడండి. బట్టీ పట్టిన ఎత్తు ఒక్కటీ పనికిరాదు!